ప్రకృతి నియమములు – ఈశ్వరుని వ్యాజ్యము

(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)

 

భౌతికశాస్త్ర నియమములవలన ఈశ్వరుడున్నాడని గాని, లేడని గాని ఋజువు చేయవచ్చునా యనునది నేటి విషయము. దీనిని గురించి మాటలాడుటకు వేదాంతిని గాని శాస్త్రజ్ఞుని గాని పిలువక ఒక న్యాయవాదిని పిలుచుటలో కార్యదర్శిగారి యుద్దేశమేమో నాకు దెలియదు. ఉభయపక్షములలో నెవ్వరివలనను ఫీజు పుచ్చుకొనకుండ ఒక వ్యాజ్యమును పరిశీలించు నవకాశము మా వృత్తిలో నరుదు గనుక సంతోషముతో నొప్పుకొంటిని.

ఈ బల్లపైకి వచ్చు గ్రంథములలో రెండు తెగలు గలవు. ఆధునిక శాస్త్రము చివరకు మన ఋషులు చెప్పిన చోటికే వచ్చినదనియు, పరమాణువును చీల్చిచూడగా పరమాత్మయే కనబడెననియు ఒక తెగవారు వ్రాయుదురు. గురుత్వాకర్షణమును, విద్యుత్తును తెలిసికొన్న తరువాత దేవునికి పని లేదనియు, ఆ దస్త్రము మూసివేయబడినదనియు రెండవ తెగవారు వ్రాయుదురు. ఇది పండితుల కాలక్షేపము మాత్రమే యైనచో నేను వచ్చియుండను. భూమి కంపించినపుడు, గ్రహణము పట్టినపుడు, ఇంట బిడ్డకు జబ్బుచేసినపుడు, ఏ సంగతి యే న్యాయస్థానమున విచారింపదగినదో తెలియనిచో నష్టపడువాడు బీదవాడే.

మొదట మా కచేరి భాషలో రెండు మాటలు చెప్పనిండు. మన దేశమున 1872 సంవత్సరపు సాక్ష్య చట్టము నూటయేబదియేండ్లకు పైగా అమలులో నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. పేరు మారినది, సెక్షనుల అంకెలు మారినవి. మూలసూత్రములు చాలవరకు నిలిచియున్నవి. అందు మూడు మాటలకు నిర్వచనములు గలవు. ఒకటి ఋజువైనది. రెండవది అసత్యమని ఋజువైనది. మూడవది ఋజువు కానిది. సామాన్యులకు రెండవదియు మూడవదియు ఒక్కటే యని తోచును. కాదు. ఒకడు మరియొకనిపై ప్రామిసరీ నోటు దావా వేసెననుకొందము. నోటుపై సంతకము ప్రతివాదిదని వాది చూపలేకపోయెనా, బాకీ ఋజువు కాలేదు. ఆ నోటు ఫలానా గ్రామమున వ్రాయబడినదను తేదీనాడు ప్రతివాది జైలులో నున్నట్లు రికార్డు తెచ్చి చూపెనా, బాకీ యసత్యమని ఋజువైనది. (1930కిని 1942కిని నడుమ మన పెద్దలలో ననేకులకు ఇట్టి సాక్ష్యము సులభముగా దొరకెడిది.) దావా రెండు విధములను పోవును, కాని సత్యమును గూర్చి ఆ రెండు తీర్పులు చెప్పునది ఒకటి గాదు.

ఆ చట్టమును కూర్చినవాడు సర్ జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను. ఆయన తమ్ముడు లెస్లీ స్టీఫెను క్రైస్తవ మతాచార్య దీక్షను పుచ్చుకొని, విశ్వాసము పోగా దానిని వదలుకొని, తాను అజ్ఞేయవాదినని చాటుచు గ్రంథము వ్రాసినవాడు. అన్న చట్టములో పెట్టిన మూడవ మాటను తమ్ముడు పరలోకమునకు వర్తింపజేసెనని చెప్పవచ్చును. పరప్రభుత్వము మన నెత్తిన మోపిన చట్టములలో పనికివచ్చినవి కొన్ని గలవని యొప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

ఇక "నియమము" అను మాట సంగతి. ఇంగ్లీషులో శాసనసభ చేసిన చట్టమునకును, రాయి నేలబడు తీరునకును "లా" అను ఒక్కటే మాట. పదునేడవ శతాబ్దపు యూరపు పండితులు, దెకార్తు మొదలు న్యూటను వరకు, ప్రభువు ప్రజలకు విధించినట్లు ఈశ్వరుడు పదార్థమునకు విధులు విధించెనని నమ్మిరి గనుక ఆ మాట వారికి సహజముగా తోచెను. తరువాతివారు దానినే త్రిప్పి, లా యున్నది గనుక దానిని చేసిన ప్రభువుండి తీరవలెనని వాదించిరి. ఇది సాక్ష్యము కాదు. వాదములో చూపవలసినదానిని ముందుగనే మాటలో దాచి తెచ్చుట. మన పెద్దలు అగ్నికి దహించుట ధర్మమనిరి, నీటికి పల్లమునకు పారుట ధర్మమనిరి. ఆ మాట వినిన పల్లెటూరివాడు, ఆ ధర్మమును ఏ సభలో ఎవరు ప్రతిపాదించిరని యడుగడు. చట్టమును జనులు అతిక్రమింతురు. అందువలననే మా వకీళ్లకు భోజనము దొరకుచున్నది. ప్రకృతి నియమమునకు ఒక్క యతిక్రమణము నిశ్చయముగా కనబడినచో, శిక్ష పడునది అతిక్రమించిన వస్తువునకు గాదు, ఆ నియమమునకే. దానిని కొట్టివేసి వేరొకటి వ్రాసికొందురు.

ఇదే పొరపాటును అవతలి పక్షమువారును చేయుదురు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు స్టీఫెను హాకింగు మరియొక రచయితతో కలిసి 2010లో ప్రకటించిన గ్రంథమున, గురుత్వాకర్షణమువంటి నియమ ముండుటచే విశ్వము శూన్యమునుండి తన్ను తానే సృష్టించుకొనగలదనియు, ఈశ్వరుని ప్రమేయ మనవసరమనియు వ్రాసెను. ఆయన గణితమును విమర్శించు పాండిత్యము నాకు లేదు. కాని నియమము కర్త యెట్లగును? జనన మరణముల రిజిస్టరు బిడ్డలను కనదు. కొలతలకును, గణితమునకును, క్షణక్షణము పొంగి యణగు క్షేత్రములకును లోబడిన శూన్యమును ముందు పెట్టుకొని, అందుండి విశ్వమును పుట్టించి చూపుట గొప్ప విషయమే కావచ్చును. అయినను దున్నిన చేనును, విత్తనమును చేతబెట్టుకొని, ఏమియు లేనిచోట పంట తీసితినని చెప్పుకొనుట సరిగాదు.

ఈ వ్యాజ్యమునకు పూర్వచరిత్ర గలదు. దానిని కొంత వివరముగా చెప్పుట యవసరము.

1687లో న్యూటను తన మహాగ్రంథమును ప్రకటించెను. రెండు వస్తువుల నడుమ ఆకర్షణము వాని ద్రవ్యరాశుల గుణకారమునుబట్టి హెచ్చుననియు, దూరపు వర్గమునుబట్టి తగ్గుననియు ఒక్క సూత్రముతో నేలబడు పండును, ఆకసమున తిరుగు చంద్రుని కలిపి కట్టెను. 1713 నాటి రెండవ కూర్పునకు చేర్చిన వ్యాఖ్యలో, సూర్యుడును గ్రహములును తోకచుక్కలును ఇంత సొంపుగా నమరియుండుట బుద్ధిమంతుడగు ప్రభువు సంకల్పమువలన తప్ప కానేరదని వ్రాసెను. ఆయన కొక చిక్కు కనబడినది. గ్రహములు సూర్యునిచేత మాత్రమే గాక ఒకదానిచే నొకటి లాగబడుచుండును. ఈ చిన్న లాగుళ్లు యుగయుగములకు పేరుకొని యమరికను చెరుపవా? చెరుపుననియే ఆయన తలచెను. అపుడు ఈశ్వరుడే దానిని మరల సరిదిద్దవలసి యుండునని సూచించెను. జర్మను తత్వవేత్త లైబ్నిజు 1715లో దీనిని ఎగతాళి చేసెను. తాను చేసిన గడియారమునకు తానే మాటిమాటికి తాళము త్రిప్పుకొను పనివాడు మంచి పనివాడా యని ఆయన ప్రశ్న. న్యూటను పక్షమున శామ్యూలు క్లార్కు జవాబు లిచ్చెను. మరుసటి యేట లైబ్నిజు మరణముతో ఆ లేఖల యుద్ధ మాగినది. చూడుడు, ఇరువురును ఆస్తికులే; ఒకే గడియారము నొకరు ఈశ్వరుని దయకును, ఒకరు ఈశ్వరుని నైపుణ్యమునకును సాక్ష్యముగా పిలిచిరి.

న్యూటను చిక్కునకు ప్రత్యక్షమైన ఉదాహరణము గురు శనులది. పూర్వపు లెక్కలతో పోల్చగా గురుడు త్వరపడుచున్నట్లును, శని మందగించుచున్నట్లును తేలెను. ఇట్లే సాగినచో కొంపమునుగును. 1780ల నడుమ ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాసు దీనిని విప్పెను. గురుడు సూర్యుని చుట్టు ఐదు మారులు తిరుగు కాలములో శని ఇంచుమించు రెండు మారులు తిరుగును. అందువలన ఆ రెండింటి లాగుళ్లు ఒకేచోట పేరుకొనుచు, సుమారు తొమ్మిది వందల యేండ్ల కొక యావృత్తముగా వచ్చి పోవుచుండును. ఈశ్వరుడు మరమ్మతునకు వచ్చునని న్యూటను ఎదురుచూచిన చోటికి గణితము వచ్చి పని ముగించి పోయెను. ఈ గ్రంథములో దేవు డెక్కడ యని నెపోలియను అడుగగా, ఆ పరికల్పనతో నాకు పని పడలేదని లాప్లాసు బదులు చెప్పెనని లోకమున నొక కథ వ్యాపించినది. 1802లో వారి సంభాషణ సమయమున నచట నున్న ఖగోళజ్ఞుడు విలియము హెర్షెలు తన దినచర్యలో, సృష్టికర్తను గూర్చి వారికి వాదము జరిగెనని వ్రాసెను గాని ఆ ప్రసిద్ధ వాక్యమును వ్రాయలేదు. చెవినబడిన మాటకును, చూచినవాడు నాడే వ్రాసినదానికిని మా కోర్టులో గల భేదము మీకు తెలియును.

కథ యింతటితో ముగియలేదు. 2009లో ఫ్రాన్సు దేశపు లాస్కారు, గాస్టినో యను నిరువురు యంత్రగణనముతో సౌరకుటుంబపు భవిష్యత్తును ఐదువందల కోట్ల యేండ్లవరకు 2501 విధముల లెక్కించి చూచిరి. ఆరంభమున గ్రహముల స్థానములలో వెంట్రుకవాసి భేదములు పెట్టి చూడగా, నూటికి సుమారొక లెక్కలో బుధుని కక్ష్య విపరీతముగా సాగిపోయినది. అనగా న్యూటను భయము వట్టి భ్రమ కాదు. గడియారము శాశ్వతముగా సరిగా నడచునన్న లాప్లాసు పక్షమునకు అప్పీలులో కొంత భంగము కలిగినది. కాని ఆ 2009 ఫలితమును పట్టుకొని న్యూటను దేవుని పక్షమున ఎవరైన పునర్విచారణకు దరఖాస్తు పెట్టిరా? ఎవరును పెట్టలేదు. నేను చెప్పదలచినది ఇదియే. లెక్క తెలియనిచోట ఈశ్వరుని కూర్చుండబెట్టిన యాస్తికుడు లెక్క తెలిసినదినమున ఆయనను లేపి పంపవలసి వచ్చును. లెక్క తెలిసినది గనుక ఈశ్వరుడు లేడన్న నాస్తికుడు, ఆ లెక్క మారిన దినమున ఏమి చెప్పును? ఆ కుర్చీకిని ఈశ్వరునికిని మొదటినుండియు సంబంధము లేదు.

ఈ సంగతిని మన కాలమున నందరికంటె బాగుగా గ్రహించినవాడు ఒక క్రైస్తవ పురోహితుడు. బెల్జియము దేశస్థుడగు జార్జి లెమైత్రు 1927లో, ఐన్‌స్టీను సమీకరణములను బట్టి విశ్వము విస్తరించుచున్నదని ప్రకటించెను. 1931లో, వెనుకకు లెక్కించుకొని పోయినచో విశ్వమంతయు ఒక ఆదిమ కణముగా నుండెనను భావమును బయటపెట్టెను. పురోహితుడు చెప్పినది గనుక ఇది బైబిలు సృష్టికథకు శాస్త్రవేషము వేయుటయే యని చాలమంది యనుమానించిరి. ఇంగ్లాండులో ఫ్రెడ్ హాయిలు మొదలగువారు 1948లో, విశ్వమునకు ఆది లేదు, విస్తరించుకొలది క్రొత్త పదార్థము పుట్టుచుండునను సిద్ధాంతమును ఎదురునిలిపిరి. "మహావిస్ఫోటము" అను పేరు సయితము 1949లో రేడియో ప్రసంగమున హాయిలు పెట్టినదే. మన దేశపు శాస్త్రజ్ఞుడు జయంతు నార్లీకరు హాయిలుతో కలిసి పనిచేసి, తుదివరకు ఆ విస్ఫోటవాదమును ప్రశ్నించుచునే యుండెను.

ఇట్లుండగా 1951 నవంబరు 22వ తేదీన పోపు పన్నెండవ పయసు తన శాస్త్ర పరిషత్తునకు చేసిన ప్రసంగమున, ఆధునిక శాస్త్రము సృష్టిక్షణమునకు సాక్ష్యమిచ్చుచున్నదని చెప్పెను. లెమైత్రు సంతోషింపవలసినది గదా! ఆయన కలతపడెను. తన సిద్ధాంతము పరీక్షకు లోబడిన శాస్త్రమనియు, దానిని మతమునకు ఊతకర్రగా వాడుట రెండింటికిని చేటనియు ఆయన యభిప్రాయము. పోపునకు శాస్త్రవిషయములలో సలహా చెప్పువానిని కలిసి మాటలాడెను. 1952లో రోము నగరమున ఖగోళజ్ఞుల మహాసభ యెదుట పోపు ప్రసంగించినపుడు ఆ వాదము మరల రాలేదు. 1965లో ఆకసమున నన్ని దిక్కులనుండియు వచ్చు నొక మందమైన వికిరణము కనుగొనబడినదని ప్రకటింపబడి, లెమైత్రు పక్షము బలపడినది. ఆయన మరుసటి యేట మరణించుటకు ముందు ఆ వార్త విని పోయెను. నేడు విశ్వపు వయస్సు సుమారు 1380 కోట్ల యేండ్లని శాస్త్రజ్ఞులు లెక్కకట్టుచున్నారు. కేసు గెలిచినదినమున గూడ ఆయన, ఇది నా దేవుని గెలుపని చెప్పుకొనలేదు. తన పక్షమునకు లాభించు సాక్ష్యమును, ఇది ఈ వ్యాజ్యమునకు చెందినది కాదని త్రోసిపుచ్చు న్యాయవాదిని నేను చూడలేదు. అట్టి పురోహితు డొక డుండెను.

ప్రకృతిలోని కొలతలు ప్రాణికోటికై అమర్చినట్లున్నవను వాదము మరియొకటి గలదు. 1953లో హాయిలే, నక్షత్రములలో బొగ్గుమూలకము పుట్టవలెనన్నచో దాని కేంద్రకమునకు ఒకానొక శక్తిస్థాయి ఉండి తీరవలెనని చెప్పగా, ప్రయోగశాలలో వెదకి చూచినవారికి అది యట్లే కనబడెను. నాస్తికుడగు హాయిలు తరువాతి కాలమున, దీనిలో నేదో మహాబుద్ధి చేయి యున్నట్లున్నదని వ్రాసెను. కానిండు. లెక్కలేనన్ని విశ్వము లున్నచో వానిలో నొకటి మనకు సరిపోవుటలో వింత లేదని యెదుటిపక్షమువారి బదులు. మనము చూచినది ఒక్కటే విశ్వము. ఆ యితర విశ్వములను చూచినవారు లేరు. పోల్చి చూచుటకు రెండవది లేనిచోట, ఇది సహజమా, విశేషమా యని నిర్ణయించు టెట్లు? ఈ వాదమున నింతకంటె నిలువదగదు.

పాశ్చాత్యుల కథలే చెప్పితినని కొందరు నొచ్చుకొందురేమో. ఈ వ్యాజ్యము మన దేశమున మరింత వాడిగా నడచినది. మిథిలాదేశపు ఉదయనాచార్యుడు వేయియేండ్లకు పూర్వము న్యాయకుసుమాంజలిని ఈశ్వర సాధనమునకే రచించెను. కుండ కార్యము, దానికి కుమ్మరి గలడు. భూమ్యాదులును కార్యములే, కావున వానికిని కర్త గలడని ఆయన యనుమానము. దీనిని ఖండించినవారు చార్వాకులును బౌద్ధులును మాత్రమే యనుకొందుమా? వేదమునే ప్రాణముగా నెంచిన మీమాంసకులు, కుమారిలభట్టు మొదలుగా, సృష్టికర్తను నిరాకరించిరి. అంతకంటె విశేషము, భక్తిమార్గమునకు మూలస్తంభమగు రామానుజాచార్యుడు శ్రీభాష్యమున, ఈశ్వరుడు శాస్త్రప్రమాణముచేతనే తెలియదగినవాడు గాని యనుమానముచేత సిద్ధింపడని వాదించెను. కుమ్మరిని చూచి కర్తను ఊహించినచో, ఆ కర్తకు కుమ్మరివలెనే శరీర ముండవలెను గదా, ఆయనయు కర్మకు లోబడినవాడు కావలెను గదా. పెద్ద మేడను పలువురు కట్టునట్లు లోకమునకు పలువురు కర్తలేల యుండరాదు? ఇట్టి ప్రశ్నలు వేసినవాడు తిరుమలేశుని భక్తులకు ఆచార్యుడు! ఋజువు కాలేదను మాటవలన ఆయన భక్తికి లోపము రాలేదు. పురాణములలో పరమాణుశాస్త్ర మున్నదని చెప్పి దేశగౌరవమును నిలుపబూనువారు, ఈ తర్కగ్రంథములలో నొక్కదానిని చదివినను మన పూర్వులయందు వారికి నిజమైన గౌరవము కలుగును.

అయినచో భౌతికశాస్త్రమునకు ఈ విషయమున ఏ యధికారమును లేదా? పెద్ద యధికారమే గలదు. ఏది దాని పరిధిలోనిదో తెలియవలెను.

భౌతికశాస్త్ర న్యాయస్థానములో ప్రవేశించువాడు ఒక షరతునకు ఒప్పుకొనవలెను. ఏమి కనబడినచో నేను ఓడినట్లో ముందుగా చెప్పవలెను. 1846లో లెవెరియె యను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు, యురేనసు నడకలో భేదమును బట్టి ఆవల మరియొక గ్రహ మున్నదని లెక్కించి దాని చోటు తెలుపగా, బెర్లినులో దుర్భిణి త్రిప్పినవారికి ఆ రాత్రియే నెప్ట్యూను కనబడెను. అదే లెవెరియె 1859లో, బుధుని నడకలోని భేదమునకును మరియొక గ్రహమే కారణమని చెప్పి, అది బుధునికంటె లోపల నున్నదనెను. దానికి వల్కను అని పేరు సయితము పెట్టిరి. ఏబదియేండ్లు వెదకిరి; లేదు. నూరేండ్లకు 43 వికలల యా చిన్న భేదమునకు న్యూటను నియమములోనే లోపమున్నదని 1915లో ఐన్‌స్టీను చూపెను. గెలిచినచోట గెలిచెను, ఓడినచోట ఓడెను. ఈశ్వరుని గూర్చిన మాటలో ఇట్టి షరతు పెట్టినవారిని చూచితిరా? వాన కురిసినచో దయ, కురియకున్నచో పరీక్ష. వారిని పరిహసించుట నా యుద్దేశము కాదు. ప్రేమయు విశ్వాసమును ఇట్లే మాటలాడును. ఆ మాటను ఈ న్యాయస్థానమున దాఖలు చేయుట కుదరదు. కావున పెద్ద ప్రశ్నకు నా సమాధానము మూడవ మాటయే: ఈ కోర్టులో ఋజువు కానిది. అసత్యమని ఋజువైనది కాదు.

కాని ఆ యీశ్వరుని పేర, ఫలానా దినమున ఫలానా చోట ఇది జరిగినదని ఎవడైన చెప్పెనా, వాడు భౌతికశాస్త్రపు గడప లోపలికి వచ్చినట్లే. 1995 సెప్టెంబరు 21వ తేదీన ఢిల్లీ మొదలు దేశమంతట వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని జనులు గిన్నెలతో పరుగులెత్తిరి. ప్రభుత్వ శాస్త్రశాఖవారు పాలలో రంగు కలిపి చెంచాతో పెట్టి చూపిరి. ద్రవపు తలతన్యతవలన పాలు చెంచా యంచునుండి విగ్రహమున కంటుకొని, సన్నని పొరగా క్రిందికి జారుచున్నవి. ఇది అసత్యమని ఋజువైనది. ఇక్కడ మూడవ మాట చెల్లదు. దీనివలన వినాయకునికి వచ్చిన నష్టమును లేదు. పాలు త్రాగుటపై ఆయన యస్తిత్వమును కుదువపెట్టినవారికే నష్టము.

గ్రహణముల సంగతియు నట్టిదే. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన గుంటూరు మీదుగా పోయెను. ఫ్రాన్సునుండి జాన్సెను అను శాస్త్రజ్ఞుడు యంత్రములు మోసికొని వచ్చి గుంటూరున బిడారు వేసెను. సూర్యుని యంచున లేచు మంటలను వర్ణపటములో పరీక్షించి, ఆ వెలుగు గీతలు ఇంత ప్రకాశముగా నున్నచో గ్రహణము లేకున్నను చూడవచ్చునని తోచి, మరునాడే చూచెను. 1980 ఫిబ్రవరి 16న మరల సంపూర్ణ గ్రహణము మన ప్రాంతముపై పడినపుడు, రంగాపురపు వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులకు కన్నులానించియుండగా, మన పట్టణములలో తలుపులు మూసికొని కూర్చున్న గృహము లెన్నియో! స్నానమును జపమును వద్దని నేను చెప్పను. గర్భిణికి అన్నము పెట్టకుండ చీకటిగదిలో కూర్చుండబెట్టుటకు మాత్రము ఋజువు అడుగుదును. ఎవడు ఒక సంగతిని చెప్పి దానినిబట్టి యితరులను శాసించునో, ఋజువు భారము వానిదే.

ఇప్పుడు కష్టమైన సంగతికి వచ్చుచున్నాను. మన కత్యంత పూజ్యుడగు వ్యక్తి దీనిలో నున్నాడు గనుక కష్టము.

1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలు దాటినపిమ్మట బీహారును నేపాళమును భూకంపము ధ్వంసము చేసెను. ముంగేరు, ముజఫరుపురము నేలమట్టమైనవి. రెండు దేశములలో కలిసి పదివేలకు పైగా జనులు మరణించిరి. మహాత్ముడు అప్పుడు హరిజన యాత్రలో నుండెను. అంతకు కొలది దినముల ముందే మన ఆంధ్రజిల్లాలలో తిరిగి పోయెను. తిరునెల్వేలి ప్రాంతమున మాటలాడుచు, ఈ భూకంపము అస్పృశ్యతాపాపమునకు ఈశ్వరుడు పంపిన శిక్షయని తాను నమ్ముచున్నట్లు చెప్పెను. రవీంద్రనాథ ఠాకూరు బాధపడి ఖండనము వ్రాసి పంపగా, ఫిబ్రవరి 16వ తేదీ హరిజను పత్రికలో మహాత్ముడే దానిని ప్రకటించి, తన సమాధానమును ప్రక్కన ప్రకటించెను. ఎదుటివాని వాదమును తన పత్రికలో పూర్తిగా అచ్చువేయు సంపాదకులు నేడెంతమంది యున్నారని యొకమారు అడుగవచ్చును.

ఠాకూరు చెప్పిన దేమనగా: భౌతికోపద్రవములకు కారణములు భౌతిక ప్రపంచములోనే యుండును. నీతిని భూకంపములతో ముడివేసినచో, నిరపరాధులను గూడ కూల్చు దైవముకంటె మనుష్యుల నీతియే మేలని యొప్పుకొనవలసి వచ్చును. పైగా ఈ వాదమును ఎదుటిపక్షమువారును అంతే సులభముగా వాడుకొనగలరు. మహాత్ముడు తన సమాధానమున, ఈ సంబంధమును తాను ఋజువు చేయలేననియు, కాని హృదయమున అనుభవించుచున్నాననియు దాపరికము లేకుండ చెప్పెను.

నేను ఠాకూరు పక్షమున నున్నాను. హిందూదేశపు భూఫలకము ఏటేట కొన్ని సెంటీమీటర్లు ఉత్తరమునకు జరుగుచు ఆసియాను నొక్కుచున్నది. ఆ నొక్కుడు శతాబ్దములు పేరుకొని ఒక్క క్షణమున సడలును. 1934లో సడలెను; 2015 ఏప్రిలు 25న నేపాళమున మరల సడలగా సుమారు తొమ్మిదివేలమంది పోయిరి. కంపించిన నేల ఎవరి కులమును అడుగలేదు. ముంగేరులో అంటరానివారి గుడిసెలును కూలినవి. అంటరానితనమునకు శిక్షగా అంటరానివానినే చంపు తీర్పును ఈశ్వరుని కెట్లంటగట్టుదుము? ఆలయములు తెరచుటచేతనే ఈ యుపద్రవము వచ్చినదని సనాతనుడు చెప్పినచో అతని నోరు మూయించు టెట్లు? ఉభయపక్షములకును సాక్ష్యమిచ్చు సాక్షిని ఏ న్యాయాధిపతియు నమ్మడు. ఇంతకును ఆ నేరమునకు సాక్ష్యమును భూగర్భమున వెదకవలసిన యవసర మేమి? ఊరి మంచినీటి బావి చాలును. 1950లో మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినపుడు, ప్రకృతిని సాక్షిగా పిలువలేదు, ఈశ్వరుని పిలువలేదు. పిలిచియున్నచో అడ్డుప్రశ్నలలో మన పక్షమే బలహీనపడియుండును.

మహాత్ముని యెడ న్యాయముగా మరియొక సంగతి చెప్పవలెను. ఈశ్వరుడే సత్యమని చిరకాలము చెప్పిన ఆయన, 1931 నాటికి సత్యమే యీశ్వరుడని మాట మార్చెను. ఈశ్వరుని కాదను నాస్తికుడును సత్యమును కాదనలేడని ఆయన భావము. ఈ మాటకు పరీక్ష మన తెలుగువారివలననే వచ్చినది. కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా (గోపరాజు రామచంద్రరావుగారు) సేవాగ్రామమునకు పోయి ఆయనతో పలుమారులు వాదించెను. తన యాస్తికత సరియని గాని, మీ నాస్తికత తప్పని గాని తాను చెప్పజాలనని గాంధీజీ యనినట్లు గోరాగారే 1951లో అచ్చయిన తమ గ్రంథమున వ్రాసిరి. వృక్షశాస్త్రము బోధించిన ఆ నాస్తికుడును, ప్రతిదినము ప్రార్థనసభ జరిపిన ఈ యాస్తికుడును, ఒకరి నొకరు ఓడించుటకు ప్రకృతి నియమములను పిలిపించలేదు. కులమును నిర్మూలించు పని యెట్లు చేయుదమని మాటలాడుకొనిరి. గోరాగారు తమ కుమార్తెను హరిజన యువకునికిచ్చి వివాహము చేయ నిశ్చయింపగా, సేవాగ్రామమున తానే జరిపింతునని గాంధీజీ యొప్పుకొనెను. నాస్తికుల యింటి పెండ్లి గదా, ప్రమాణములో ఈశ్వరుని పేరు ఎట్లు? ఆ మాట తీసివేసి సత్యమని పెట్టుదమని ఆయనయే చెప్పెను. 1948 జనవరి 30న ఆయన హతుడాయెను. ఆ వివాహము మార్చినెలలో, ఆయన లేకుండ, సేవాగ్రామముననే జరిగినది.

అధ్యక్షులవారి యనుమతి యున్నచో సభ్యులు ప్రశ్నలడుగవచ్చును. అడ్డుప్రశ్నలకు నేను సిద్ధముగా నున్నాను.